మర్యాద తగ్గకుండా ఇవ్వాలి

నేను సంఘ కాపరిగా పనిచేసింది ఎక్కువగా బాపట్ల, రేపల్లె వైపు డెల్టా చివరి పల్లెల్లో. కాలువ నీళ్ళు అందరికంటే వెనక, తుపాను అందరికంటే ముందు వచ్చే ఊళ్ళవి. నా సంఘాల్లో నూటికి తొంభైమంది కూలి చేసుకుని బతికినవాళ్ళే. ఇప్పుడు బైబిలు కాలేజీ ముగించుకున్న కుర్రవాళ్ళు నా దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, వృద్ధాశ్రమం పెడదామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టమంటారు?” అని అడుగుతారు. వాళ్ళ ఉత్సాహం చూస్తే నాకు సంతోషమే. వాళ్ళకు విడివిడిగా చెబుతూ వచ్చినవి ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను. ఇందులో కొన్ని పాఠాలు నేను నేర్చుకోవడానికి వేరేవాళ్ళు నష్టపోయారు. అందుకే దాచకుండా రాయాలనిపించింది.

1. అన్నం పెట్టిన చోట విశ్వాసం అడగకూడదు.

1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని కరువు పీడించినప్పుడు ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత మేర తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నాడు. పార పట్టుకోగలిగినవాడికి పని చూపించి కూలి ఇచ్చాడు. కరువు పనులు సాగినంతకాలం బాప్తిస్మం కావాలని వచ్చినవాళ్ళను ఆగమన్నాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట వాళ్ళకూ రాకూడదు, తనకూ రాకూడదని. సాయం పంపిణీ ముగిశాకే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మావాళ్ళు ప్రసంగాల్లో ఆ అంకెను గొప్పగా చెబుతారు. నాకు మాత్రం ఆ అంకెకంటే, దానికి ముందు ఆయన ఆపి ఉంచిన నెలలు గొప్పవి.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నేనింకా కుర్రవాణ్ణి. కొందరం కలిసి నాగాయలంక వైపు వెళ్ళాం. పదివేలమందికి పైగా పోయిన నేల అది. అక్కడ మతం అడిగి శవాన్ని ఎత్తినవాడు నాకు కనబడలేదు. ఎవరికి వచ్చిన ప్రార్థన వారు చేసుకుంటూ గోతులు తవ్వారు. నేను కాపరిని కాకముందే సేవ ఎలా చేయాలో చూసింది అక్కడే.

తరవాత ఒక ఊళ్ళో మా గుడి వెనక వీధిలో పరుపులు కుట్టి బతికిన దూదేకుల తాత ఉండేవాడు. చూపు పోయింది, భార్య పోయింది. రోజూ మధ్యాహ్నం మా ఇంటి నుంచి ఆయనకు క్యారేజీ వెళ్ళేది. రంజాన్ నెలలో మాత్రం పొద్దుగూకే వేళకు పంపేవాళ్ళం. సంఘ పెద్ద ఒకాయన, “మన కానుకలు మనవాళ్ళకే చాలడం లేదు గదా అయ్యగారూ, ఆయన ఏనాడైనా గుడి మెట్టెక్కాడా?” అన్నాడు. నేను వాదించలేదు. మర్నాడు క్యారేజీ ఆయన చేతికిచ్చి, “మీరే ఇచ్చి రండి” అన్నాను. ఆ తరవాత ఆ తాత పోయేదాకా క్యారేజీ మోసింది ఆ పెద్దే.

2. ముసలివాళ్ళను ఇల్లు కదిలించడం మన చివరి ఆలోచన కావాలి.

ఇది నాకు అన్నిటికంటే బరువైన పాఠం. వయసులో ఉండగా, గుడి పక్కన రేకుల షెడ్డు వేయించి కొన్ని మంచాలతో ఒక ఆశ్రమం మొదలుపెట్టాను. ఊరి చివర పాకలో ఒంటరిగా ఉంటున్న ఒక మామ్మను నేనే స్వయంగా రిక్షాలో తీసుకొచ్చాను. పాకలో వాన కురుస్తుంది, పక్కన డ్రైనేజీ కాలువ. మా దగ్గర ఇనప మంచం, ఫ్యాను, మూడు పూటలా వేడి అన్నం. మంచి చేశాననే అనుకున్నాను. మా నిబంధనల్లో చుట్ట తాగకూడదు, ఆకూ వక్కా వేసుకోకూడదు, తొమ్మిదింటికి లైట్లు ఆర్పేయాలి. నోట్లో ఆకు లేకుండా ఆమె ఒక్క పూట ఉండి ఎరగదు. మేము ఆమె వక్కల సంచి తీసి బీరువాలో పెట్టాం. ఆరోగ్యం కోసమే పెట్టాం. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషిని ఆ ఒక్క సుఖం మానమని చెప్పే అధికారం నాకు ఎవరిచ్చారని అప్పుడు తోచలేదు.

రోజూ పొద్దున్నే ఆమె గుడ్డలు మూట కట్టుకుని గేటు దగ్గర కూర్చునేది. నన్ను చూస్తే ఒకటే అడిగేది: “నా కోళ్ళను సందేళ ఎవరు కమ్ముతున్నారు బాబూ?” కోళ్ళను ఎవరో కోసుకున్నారని చెప్పలేక, పక్కింటివాళ్ళు చూస్తున్నారని చెప్పేవాణ్ణి. చివరికి సరే, పంపిద్దామని వెళ్ళి చూస్తే పాక లేదు. మనిషి లేని పాక ఒక్క వానాకాలం ఆగదు. కప్పు కూలింది, వాసాలు వంటచెరుకయ్యాయి, జాగా ఒక బంధువు దడి కట్టి కలుపుకున్నాడు. వెళ్ళడానికి చోటు లేక ఆమె మా మంచం మీదే కన్నుమూసింది. నా సాయం వల్లే ఆమెకు ఇల్లు లేకుండా పోయింది. ఈ మాట ఇంతకంటే మెత్తగా చెప్పలేను.

తరవాత పద్ధతి మార్చాం. పాక మీద తాటాకు మార్పించడం, మరుగుదొడ్డి గోడకు పట్టుకోవడానికి ఒక పైపు బిగించడం, రాత్రి లేచినప్పుడు పడకుండా ఒక చిన్న బల్బు పెట్టించడం, పక్కింటి కోడలికి నెలకు సరిపడా బియ్యం, పప్పు ఇచ్చి, “మీతోపాటు మామ్మకూ ఒక గిన్నెడు వండమ్మా” అని అడగడం. ఆశ్రమం ఖర్చులో నాలుగో వంతు కూడా కాలేదు. ఎవరూ లేనివాళ్ళకు, మంచం దిగలేనివాళ్ళకు ఆశ్రమాలు కావాలి, కాదనను. కానీ ముందు ఆ మనిషి వీధిని, ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళను నిలబెట్టే దారి చూడండి.

3. పిల్లలున్న తల్లిని దిక్కులేనిదానిగా లెక్క వేయకూడదు.

పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో విధవరాండ్ర విషయం వివరంగా ఉంది. పిల్లలు, మనమలు ఉంటే ముందు వాళ్ళు చూడాలి, సంఘం మీద ఆ భారం పెట్టకూడదని ఆయన నియమం. ఇది పిసినారితనం కాదు. సంఘం బియ్యం మోసుకొస్తోందంటే కొడుకు నిశ్చింతగా దూరమవుతాడు.

అయితే కొడుకు దగ్గరకు వెళ్ళేటప్పుడు తీర్పు మోసుకుని వెళ్ళకండి. హైదరాబాదులో సెంట్రింగు పనిలో, చెన్నైలో హోటళ్ళలో ఉన్న కొడుకుల గదులు నేను చూశాను. పదడుగుల గదిలో అయిదుగురు. తల్లిని తెచ్చుకోవడానికి చోటు లేక ఏడ్చినవాళ్ళున్నారు. వాళ్ళతో నెలకు ఒక అయిదువందలు పంపే ఒప్పందం, వారానికి ఒక ఫోను ఒప్పందం చేయించాం. చాలామంది నిలబెట్టుకున్నారు.

ఉండి కూడా పెట్టనివాళ్ళ సంగతి వేరు. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. ఆర్డీవో ముందు దరఖాస్తు పెట్టుకోవచ్చు, వకీలు అక్కర్లేదు, నెలకు పదివేల దాకా పోషణ ఇవ్వమని ఆర్డరు వేసే అధికారం ఉంది. పిల్లలు లేనివాళ్ళయితే, ఆస్తి అనుభవిస్తున్న, లేదా రేపు ఆస్తి దక్కబోయే బంధువును అడగవచ్చు. అదే చట్టం 23వ సెక్షను ప్రకారం, నన్ను చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేయమని అడగవచ్చు. ఇక్కడే నేను తప్పు చేశాను. మా సంఘంలో ఒక తల్లి తన రెండు సెంట్ల స్థలం, ఇల్లు కొడుక్కి సెటిల్‌మెంటు రాసిస్తూ నన్ను సాక్షి సంతకం పెట్టమంది. పెట్టాను. పోషించాలన్న షరతు ఆ దస్తావేజులో లేదు. నేను చదవలేదు. ప్రార్థన చేసి సంతకం చేశాను. రెండేళ్ళకు ఆమె వరండాలోకి వచ్చింది. ఆ ఒక్క వాక్యం లేనందువల్ల ఆమె పోరాటం ఎంత కష్టమైందో పక్కన ఉండి చూశాను. మీ సంఘంలో ఎవరైనా ముసలివాళ్ళు రిజిస్ట్రారు ఆఫీసుకు బయలుదేరుతుంటే ప్రార్థన చేయండి, దాంతోపాటు దస్తావేజు లేఖరి దగ్గర కూర్చుని ఆ వాక్యం రాయించండి.

4. హక్కుగా వచ్చేదాన్ని మన దానంగా చూపించకూడదు.

1995లో కేంద్రం జాతీయ వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు నెలకు 75 రూపాయలు. ఆ డబ్బుకు కూడా ముసలివాళ్ళు మండలాఫీసు అరుగుల మీద పొద్దంతా కూర్చునేవాళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై 1న వృద్ధాప్య పింఛను నాలుగు వేలయింది, మూడు నెలల పెంపు బకాయి కలిపి ఆ రోజు ఏడు వేలు ఇంటి దగ్గరే చేతికిచ్చారు. ఏ సంఘం, ఏ ఆశ్రమం అంత ఇవ్వగలదు? ఒక పింఛను మంజూరు చేయించడం, ఏళ్ళ తరబడి మనం మోసే బియ్యం మూటలకంటే పెద్ద పని.

కానీ అది కాగితాల పని, ఓపిక పని. నాట్లు వేసి, మిరపకాయలు కోసి అరిగిపోయిన వేళ్ళు మిషను మీద పడవు. ఆధార్‌లో వయసు ఎవరో నోటికొచ్చినట్టు చెప్పినది ఎక్కి ఉంటుంది. ఒక మామ్మకు కార్డు మీద యాభైరెండేళ్ళు. “ఉప్పెన వచ్చేటప్పటికి మా పెద్దాడు బడికెళ్తన్నాడు బాబూ” అంటుంది ఆమె. ఆమె చెప్పేది 1977 ఉప్పెన. ఆ లెక్కన ఆమె వయసు ఎంతో మీరే చూసుకోండి. ఆ మాటను కాగితం మీద రుజువు చేయడానికి పాత రేషను కార్డు, పాత ఓటర్ల జాబితా, కొడుకు బడి రికార్డు వెతికాం. గుడిలో ఆమె పెళ్ళి రాసిన రిజిస్టరు కూడా తీశాం.

పింఛను వచ్చిన ఆదివారం నేను ఆ సంగతి ఆరాధనలో ప్రకటించలేదు. అంతకు ముందు ప్రకటించేవాణ్ణి, “మన అయ్యగారు ఇప్పించారు” అని జనం అనుకునేవాళ్ళు. ప్రభుత్వం ఇచ్చే డబ్బుకు ఒక ముసలామె నాకు దణ్ణం పెట్టడం చూశాక ఆపేశాను. అది ఆమె హక్కు. దానికి ఆమె ఎవరికీ బాకీ పడలేదు.

5. చీర ఇచ్చేటప్పుడు ఫొటో తీయకూడదు.

క్రిస్మస్‌కు విధవరాండ్రకు చీరలు పంచడం మన సంఘాల్లో పాత ఆనవాయితీ. వరసలో నిలబెట్టి, పేరు పిలిచి, ముఖ్య అతిథి చేతుల మీదుగా ఇప్పించి, చీర ఒక కొస ఆయన, ఒక కొస ఆమె పట్టుకోగా ఫొటో. దాతలకు పంపాలంటారు. నేనూ పంపాను. ఫొటోలో ఆమె చూపు ఎక్కడుంటుందో ఒకసారి చూడండి, చాలు. తరవాత మా స్త్రీల సమాజంవాళ్ళు పండుగకు వారం ముందే చీరలు తీసుకుని సందేళ ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు, నాలుగు రంగులు చూపించి నచ్చింది తీసుకోమనేవాళ్ళు. ఫొటో లేదని మానుకున్న దాత ఒకరిద్దరు ఉన్నారు. వాళ్ళు మానుకున్నా పండుగ జరిగింది.

6. ఫిర్యాదు చేసినవాళ్ళకే పెత్తనం ఇవ్వాలి.

అపొస్తలుల కార్యముల ఆరో అధ్యాయం ప్రతి కొత్త కాపరీ నెలకొకసారి చదవాలి. యెరూషలేము సంఘంలో రోజువారీ పంపిణీలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడేవాళ్ళు సణిగారు. అపొస్తలులు కోప్పడలేదు. మీలోనుంచి ఏడుగురిని ఎన్నుకోండన్నారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అన్యాయం జరుగుతోందన్నవాళ్ళ వైపు వాళ్ళ చేతికే గరిటె ఇచ్చారు.

మా ప్రాంతంలో మాలపల్లె, మాదిగపల్లె మధ్య ఉన్న ఎడం గుడిలోకి కూడా వచ్చింది. దీన్ని పైకి చెప్పడానికి మనం సిగ్గుపడతాం, సరిచేయకుండా ఉంచడానికి మాత్రం సిగ్గుపడం. నా మొదటి కమిటీలో అందరూ ఒకే పల్లెవాళ్ళు. బియ్యం సమానంగానే పంచారని నా నమ్మకం. రెండో పల్లెలో మూడిళ్ళకు ఎప్పుడూ అందలేదని ఒక అమ్మాయి నా ముఖం మీదే అడిగింది. ఆ అమ్మాయినే కమిటీలో వేశాం, బియ్యం కొలత ఆమె చేతికిచ్చాం. లెక్క ప్రతి నెలా గుడి గోడకు అంటించాం.

బయటి డబ్బు గురించి ఒక మాట. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక, ఆ డబ్బంతా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి, ఒక సంస్థ నుంచి మరో సంస్థకు పంపకూడదు. పెద్ద సంస్థ పంపే వాటాతో నడిచిన చిన్న సేవలు ఆగిపోవడం నేను చూశాను. మాకు ఆగనిది పిడికెడు బియ్యం. అన్నం వండేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది, ఆదివారం గుడికి తెస్తుంది. కూలికి వెళ్ళిన రోజూ వేసింది, కూలి దొరకని రోజూ వేసింది. దాని మీద కట్టిన సేవకు ఏ చట్టం సవరణా అడ్డం రాలేదు.

7. తీసుకునేవాళ్ళను కూడా ఏదైనా ఇమ్మని అడగాలి.

మెదక్‌లో చార్లెస్ పోస్నెట్ దొర కట్టించిన పెద్ద గుడిని 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో జనానికి పని చూపించి తిండి పెట్టాలని ఆ కట్టడం పని ఇచ్చారు. తిన్న అన్నం తమ చెమటదేనన్న నిశ్చింత వాళ్ళకు మిగిలింది. ముసలివాళ్ళతో కట్టడం పని చేయించలేం, నిజమే. కానీ కూలికెళ్ళిన తల్లుల పిల్లలను మధ్యాహ్నం చూడటం, పెళ్ళి వంటకు వెల్లుల్లి ఒలవడం, బాలింతకు స్నానం పోయడం, జబ్బుపడినవాళ్ళ పేర్లు పెట్టి రోజూ ప్రార్థన చేయడం వాళ్ళు చేయగలరు. మా ఊళ్ళో ఒక తాత గుడి గంట కొట్టే బాధ్యత తీసుకున్నాక జ్వరం వచ్చినా మంచం మీద ఉండేవాడు కాదు.

8. అమ్మగారి పని లెక్కలో రాయాలి.

కాపరి పేరు మీద జరిగే సేవలో సగం కాపరి భార్య చేతుల మీదుగా జరుగుతుంది. క్యారేజీ కట్టింది ఆమె, ఆడవాళ్ళ పుండ్లు కడిగింది ఆమె, అర్ధరాత్రి తలుపు తట్టినవాళ్ళకు మొదట లేచింది ఆమె. నా వార్షిక నివేదికల్లో ఆమె పని ఒక్కసారీ రాయలేదు. పెళ్ళయిన కుర్ర కాపరులు ఈ సంవత్సరం నివేదిక నుంచే రాయండి.

9. చావు గురించి వాళ్ళే మాట్లాడాలనుకుంటారు, వినాలి.

మనం వాళ్ళను ఓదార్చాలని, “నీకేం మామ్మా, నూరేళ్ళు బతుకుతావు” అంటాం. ఆమెకు కావలసింది ఆ మాట కాదు. ఒకామె కొంగు ముడి విప్పి, పాత నోట్లు నా చేతిలో పెట్టి, “ఇయ్యి నా మట్టి ఖర్చులయ్యా. పెట్టె కొత్తది చేయించు, మా ఆయన పక్కన పెట్టించు” అంది. మొదట నేను తీసుకోలేదు, ఇప్పుడెందుకమ్మా అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. నేను కాదన్నది డబ్బును కాదు, ఆమె నమ్మకాన్ని. మళ్ళీ వెళ్ళి తీసుకున్నాను, కవరు మీద ఆమె పేరు, మొత్తం, కోరిక రాసి ఇద్దరు పెద్దల సంతకాలతో గుడి బీరువాలో పెట్టాను. తరవాత చాలామంది అలా ఇచ్చారు.

భర్త పక్కన పెట్టించాలంటే సమాధుల దొడ్డి ఉండాలి. మా పల్లెల్లో చాలాచోట్ల అది పొలాల మధ్య కుంచించుకుపోయింది, దారి లేదు, వానాకాలంలో మోకాలి లోతు నీళ్ళలో పెట్టె మోయాలి. బతికుండగా పింఛను కోసం ఎంత తిరిగామో, ఆ జాగాకు సర్వే చేయించి హద్దు రాళ్ళు వేయించడానికి అంతకంటే ఎక్కువ తిరిగాం. కొన్ని ఊళ్ళలో సాధించాం, కొన్నిచోట్ల ఇంకా కాలేదు. నేను బదిలీ అయినప్పుడు, తరవాత పదవి దిగినప్పుడు, కొత్త కాపరికి మొదట అప్పగించింది ఆ కవర్లే. గుడి తాళాలు ఆ తరవాత.

చదువుతున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఆశ్రమానికి స్థలం వెతికే ముందు ఈ వారం మీ ఊళ్ళో ఒక్కసారి ఇల్లిల్లూ తిరగండి. ఎవరికి పింఛను రావడం లేదో, ఎవరి వేలిముద్ర పడటం లేదో, ఎవరు వరండాలో పడుకుంటున్నారో ఒక పుస్తకంలో రాసుకోండి. దారి తెలియనిచోట వృద్ధుల హెల్ప్‌లైను 14567కు ఫోను చేయండి, డబ్బు పడదు. గుడికి వచ్చేవాళ్ళ ఇళ్ళతో ఆపకండి, వీధి చివరిదాకా వెళ్ళండి.